అదేటి తింటాది?

నెల్లిమర్లలో, పొద్దున్న ఎనిమిదిన్నరకి,
గాజు పలక మీద అతని కఫం
పలచగా పూసి, ఆరబెట్టి, మంట మీద మూడుసార్లు తిప్పి
ఎర్రరంగు పోశాను.
ఆవిరి లేచేదాకా వేడిచేసి, యాసిడ్‌తో కడిగితే
అన్నీ రంగు వదిలేశాయి.
అవి వదల్లేదు.

నీలం నేల మీద గులాబి పోగులు,
రెండు విడిగా, నాలుగు చిక్కుపడి,
స్పిన్నింగులో తెగిన నూలులాగ.
ఈ మాట నాది కాదు. మైక్రోస్కోపులో కన్నుపెట్టి
దాలినాయుడే అన్నాడు.
జూట్ మిల్లులో ఇరవై రెండేళ్ళు తెగిన నూలు ముడేసినవాడు,
గేటుకి తాళం పడ్డాక
యాభై ఎనిమిది కిలోల నుంచి నలభై ఒకటికి దిగినవాడు.

"అదేటి తింటాది పాపా?"

చెప్పడం నా డ్యూటీ కాదు.
పాజిటివ్, రెండు ప్లస్సులు, అని రాసి పంపాలి.
వెనకాల పదకొండుమంది డబ్బీలు పట్టుకుని ఉన్నారు.
అయినా చెప్పాను.

మా సీసాలో పెంచితే గుడ్డుసొన తింటుంది,
గ్లిజరిన్ తింటుంది, చక్కెర ఇస్తే అదీ తింటుంది, తొందరపడదు.
ఒంట్లోకొస్తే కాపలా కణం దాన్ని మింగుతుంది.
మింగుతుంది గానీ అరిగించుకోలేదు.
అక్కడ చక్కెర అందదు, గాలి తక్కువ, పులుపు ఎక్కువ.
ఇంకొకటైతే చచ్చేది.
ఇది వంట మార్చుకుంటుంది.
కాపలావాడి కొవ్వునే కరిగించి తింటుంది,
వాడి గోడల్లోని కొలెస్ట్రాల్ గీక్కుని తింటుంది,
కొంత తన కడుపులోనే బొట్లుబొట్లుగా దాచుకుంటుంది.
ఊపిరాడనప్పుడు గాలి బదులు నైట్రేటుతో నెట్టుకొస్తుంది.
ఆ తర్వాత
పెరగదు, చావదు, పడుకుంటుంది.
ఏళ్ళకేళ్ళు.

"మా సిన్నాన్న దగ్గేవోడు" అన్నాడు, "నాకు తొమ్మిదేళ్ళప్పుడు.
గోగు కట్టలు గుంటలో నానేసి
ఒకే దుప్పట్లో తొంగునేవోళ్ళం."

అంటే నలభై ఏళ్ళు.
ఆ గుంటలోనూ ఇలా కంటికానరానివే పనిచేశాయి,
గాలి లేని నీళ్ళలో కాడ జిగురు తిని
నార వదిలిపెట్టాయి.
ఆ నార బేళ్ళు కట్టుకుని మిల్లుకొచ్చింది,
మిల్లు ఇతనికి బువ్వ పెట్టింది.
బువ్వ ఆగిన ఏడాది
పడుకున్నది లేచింది.

అతను నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"అయితే మనలాటిదే.
లాకౌటైనప్పుడు మనమూ దొరికిందే తిన్నాం గదా.
నూకలు తిన్నాం. రేకులు తిన్నాం. దీని పుస్తెలు తిన్నాం."

బెంచీ మీద, అప్పటిదాకా నోరెత్తని సన్యాసమ్మ:
"మనలాటిదనకు.
మనం ఎవుల్ని తిన్నాం?"

ఫ్యాను తప్ప ఏదీ కదల్లేదు.
లెన్సు మీద నూనె తుడిచాను.
అప్పటికే తుడిచి ఉన్నాను.

రెండు నెలలకి వంద ఫీల్డులు వెతికాను.
నీలం మీద నీలం.
నెగటివ్ అని రాస్తూనే భయపడ్డాను.
మేలుకున్నవి చచ్చాయి.
పొయ్యి ఆర్పేసుకుని పడుకున్నదాని దగ్గర
మందు ఏ మంటను ఆర్పుతుంది?
ఇంకో నాలుగు నెలలు మింగాలని ఎలా చెప్పడం,
నలభై ఆరు కిలోలకొచ్చి, ఆకలి తెలిసి,
నారింజరంగు మూత్రానికి విసిగి
రైలెక్కి పనికి పోదామని చూస్తున్నవాడికి?

అతనే అందుకున్నాడు.
"గోగు నానేసినప్పుడు సివర్లు ముందు ఊడొచ్చేస్తాయి పాపా.
అయిపోనాదనుకుని కట్ట లాగేసేవనుకో,
మొదలుకాడ పట్టేసుంటాది. నార తెగిపోద్ది.
రోజూ ఒక పుల్ల ఇరిసి సూడాల."

మాత్రల అట్ట చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
సన్యాసమ్మ అది తీసి
తన సంచీలో వేసుకుంది.